ఎవరూ ఎత్తుకుపోని వీడియో

అప్‌డేట్ చేసుకోని మనుషులను చూస్తే ఒకప్పుడు నాకు ఒళ్ళు మండేది. హిందూపురంలో బస్టాండుకు కొంచెం ఎడంగా మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని, వెబ్‌సైట్లు తయారుచేసే పని పెట్టుకున్నాను. పొద్దున పెనుకొండలో రైలెక్కి రావడం, సాయంత్రం మళ్ళీ రైల్లో పోవడం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చింతపండు మండీల వాళ్ళు, కాన్వెంటు స్కూళ్ళ వాళ్ళు, పెళ్ళి మండపాల వాళ్ళు. వాళ్ళ కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, బ్రౌజర్ మూలలో ఎర్ర బాణం ఒకటి నెలల తరబడి మొత్తుకుంటూ కనిపించేది. "దాన్ని అట్లనే ఉండనీలే మేడం, అదేమన్నా అడ్డమొస్తాండాదా?" అనేవాళ్ళు. నేను మౌస్ లాక్కుని నేనే నొక్కేదాన్ని. పైగా అరగంట క్లాసు పీకేదాన్ని.

ఇప్పుడు ఎవరి దగ్గర ఆ బాణం కనబడినా నా చెయ్యి చటుక్కున ముందుకు పోదు. "ముందు దీంట్లో మీరు రోజూ చూసుకునేవి ఏమున్నాయో చెప్పండి" అని అడుగుతాను. ఈ మేడంకు ఏమైందని వాళ్ళు నా మొహం చూస్తారు. ఏమైందంటే చెప్పుకోవడానికి నాకు పెద్దగా ఇష్టం లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ తప్పులో సగం నాది.

పదేళ్ళ పైమాట. ధర్మవరం నుంచి ఒక నేతగాడు నా గదికి వచ్చాడు. మెట్లెక్కి రొప్పుతూ, తెల్ల పంచెలో చుట్టిన రెండు పట్టుచీరలు బల్ల మీద పెట్టాడు. నేను ముట్టుకోబోతే, "చేతులు తుడుచుకో పాపా" అన్నాడు. నా ఆఫీసులో నాకే ఆర్డరు వేస్తున్నాడే అనుకున్నాను గానీ తుడుచుకున్నాను. చీర అంచు మీద చిలకలు వరసగా ఉన్నాయి. ఒక్కో చిలక తల ఒక్కో వైపు తిప్పి ఉంది. అట్లాంటి అంచు నేనెక్కడా చూడలేదు.

"మరమగ్గం చీరను పట్టుకొని చేతి మగ్గం అని అమ్ముతాండారు. బెంగుళూరోళ్ళు నమ్మల్లంటే మేం నేసేది వాళ్ళ కంటికి చూపించల్ల. దానికి నెట్టులో వీడియో పెట్టల్ల. కానీ పెడితే డిజైను ఎత్తుకపోతారు. చూపించల్ల, ఎత్తుకపోగూడదు. ఎట్ల జేస్తావో నువ్వే చెప్పు."

అతని భయం ఊహించుకున్న భయం కాదు. నాలుగు వీధుల అవతల ఒక మరమగ్గాల షెడ్డు ఉంది. దాని యజమాని ఇతనికి ఒకప్పుడు మంచి స్నేహితుడు, రోజూ ఇంటికి వచ్చి పోయేవాడు. అంతకుముందు ఇతను కష్టపడి గీయించుకున్న మామిడిపిందెల అంచును ఆ స్నేహితుడు ఎనిమిది రోజుల్లో మరమగ్గం మీద దింపి, కదిరి అంగళ్ళకు పంపేశాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఎదురుపడితే ఇతను వీధి మారేవాడు.

వీడియో తీయడానికి నేనే ధర్మవరం పోయాను. ముందు గదిలో చీరలు, కంప్యూటరు. వెనక గదిలో గుంత మగ్గం. ఆ రోజు నేత లేదు, కొత్త వార్పు అతికే పని. పడుగు పోగులనే వాళ్ళు వార్పు అంటారు. పాత వార్పు అయిపోవస్తుంటే దాన్ని పూర్తిగా కోసెయ్యరు. జానెడు మిగుల్చుకుంటారు. ఆ మిగిలిన కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలేస్తారు. వేలకొద్దీ పోగులు. పాతది పట్టుకునే కొత్తది మగ్గంలోకి వస్తుంది. ఆ పని ఆ ఇంట్లో అతని భార్యది. నేను ఆమెను వదినా అన్నాను.

వదిన గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చుంది. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. వేళ్ళు బూడిదలో అద్దడం, రెండు కొసలు పట్టడం, మెలెయ్యడం. కళ్ళు పోగుల మీద లేనే లేవు, నావైపే ఉన్నాయి.

"చేతులు తీస్తాండావా పాపా, నన్ను తీస్తాండావా?"

"రెండూ వదినా."

"నన్నెందుకులే. మాది కదిరి కాడ తలుపుల సైడు. చెనిక్కాయలు వొలిచిన చేతులివి. పెండ్లయి ఈడికొచ్చినప్పుడు పట్టు ముట్టుకుంటే పోగు నా చేతికే తగులుకొనేది. మా అత్త నెల దినాలు నన్ను మగ్గం కాడికి రానీలేదు. బూడిదతో చేతులు రుద్దుకో, నున్నగయినాంక రా అనేది. ఇది ముడి గాదు పాపా. ముడేస్తే మగ్గం దువ్వెనలో ఇరుక్కుంటాది. ఊరికే మెలెయ్యల్ల. తెగిపోతాదేమో అనిపిస్తాది, తెగదు."

ఇంతలో ఆమె తల పక్కకు తిప్పి గట్టిగా, "ఇదో, నిన్నే. ఆ ఫ్యాను ఆపు, పోగులు లేస్తాండాయి" అంది. అతను ఫ్యాను ఆపడానికి నా కెమెరా ముందు నుంచే పోయాడు. కాసేపు అతని చొక్కా వీపు తప్ప ఏమీ కనబడలేదు. "పక్కకు జరుగప్పా, అడ్డం నిలబడినావు, పాప తీస్తాండాది గదా" అని నవ్వింది. నాలుగు నిమిషాల వీడియోలో ఆ ముక్క చివరిది. అది కోసెయ్యమని అతను అన్నాడు. నేను కొయ్యలేదు. కొంత బద్ధకం, కొంత ఆ నవ్వు నాకు నచ్చడం.

ఇక దాన్ని సైటులో పెట్టడం. అందరూ పెట్టే ఉచిత వీడియో సైటులో పెడదామంటే అతను ఒప్పుకోలేదు. అందులోంచి ఎవరైనా దింపుకుంటారని ఎవరో చెప్పారట. నాకూ అప్పట్లో తలకెక్కిన పొగరు ఉండేది. వీడియోను చిన్న చిన్న ముక్కలు చేసి పంపే సర్వర్ ఒకటి ఉండేది. ఆ ముక్కలను బ్రౌజర్‌కు తగిలించే ఒక ప్లేయర్ మాత్రమే కలిపి చూపించగలదు. చూడటమే, దాచుకోవడం కుదరదు. ఒరిజినల్ వీడియో ఆ సర్వర్ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుంది. "అన్నా, దీన్ని ఎవడూ కాపీ కొట్టలేడు" అన్నాను. అతను నా గదిలో గంటసేపు కూర్చుని మౌస్ కుడి బటన్ నొక్కుతూ పరీక్ష చేశాడు. ఎక్కడ నొక్కినా సేవ్ చేసుకునే మాటే రాలేదు. నెగ్గినవాడి మాదిరి నా వైపు చూశాడు.

తర్వాత అడిగాడు. "ఇప్పుడు ఇది నీ కంప్యూటర్లో గూడ ఉండాది గదా?"

"ఉంది. ఉండాలి కదన్నా."

"తీసెయ్యి పాపా."

వాళ్ళ వీధిలో ఒక పద్ధతి ఉంది. కొత్త డిజైను గీయించుకునేటప్పుడు, గీసేవాడి పక్కనే కూర్చుంటారు. ఆ బొమ్మను మగ్గం మీదికి ఎక్కించే జాకార్డు అట్టలకు చిల్లులు పొడిచే దాకా కదలరు. పని అయ్యాక గళ్ళ కాగితం మడిచి ఇంటికి తెచ్చుకుంటారు, లేదంటే అక్కడే చించేస్తారు. గీసినవాడి దగ్గర గీటు కూడా మిగలనివ్వరు. అది నమ్మకం లేక కాదు, అట్లా చేయడమే మర్యాద. అతను నన్ను కూడా అట్లాగే కూర్చోబెట్టి, వీడియో చెరిపించాడు. చెత్తబుట్ట బొమ్మలోంచి కూడా చెరిపించాడు. నాకు కోపం రాకపోగా గొప్పగా అనిపించింది. నన్ను వాళ్ళ మనుషుల్లో ఒకదాన్ని చేసుకున్నాడు అనుకున్నాను. కెమెరాలో వేసిన మెమరీ చిప్పు అతనిదే, దాన్నీ చెరిపించాడు. "ఇంగ ఇది ఖాళీనే గదా? చీర కోసినాంక మగ్గం ఊరికే పెట్టం" అని, దాన్ని చీరల ఫొటోలకు వాడుకోవడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళ తర్వాత వదిన పోయింది. ఒక పొద్దున మగ్గం గది ఊడుస్తూ కూలబడింది. ఆస్పత్రి దాకా కూడా పోలేదు. నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. పలకరించడానికి పోతే అతనే కాఫీ పెట్టి ఇచ్చాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు. నేనూ చెప్పలేదు.

సైటును ఎంతమంది చూశారో లెక్క చూపించే పేజీ ఒకటి నా దగ్గర ఉండేది. ఆ తర్వాత కొన్ని నెలలకు చూస్తే ఆశ్చర్యమేసింది. అంతకుముందు ఈగలు తోలుకుంటున్న సైటుకు రోజూ మధ్యాహ్నం ఎవరో వస్తున్నారు. వచ్చినవాళ్ళు వేరే ఏ పేజీకీ పోకుండా వీడియో దగ్గరే ఉంటున్నారు. సంతోషం పట్టలేక ఫోన్ చేశాను.

"అన్నా, ఎవరో రోజూ మన వీడియో చూస్తున్నారు. పెద్ద బేరం తగిలేటట్టుంది."

"అది నేనేలే పాపా" అన్నాడు. "అన్నం తిన్నాంక ఊరికే పెట్టుకుంటా. ఫ్యాను ఆపమంటాది చూడు, ఆడ."

ఇంట్లో ఆమె ఫొటోలు ఉన్నాయి, గోడకు దండ వేసిన పెద్ద పటం కూడా ఉంది. గొంతు మాత్రం ఆ ఒక్కచోటే ఉంది. వాళ్ళ పెళ్ళినాటికి వీడియోలు లేవు. తర్వాత వచ్చిన ఫోన్లు బటన్ల ఫోన్లు. ఆ రోజే నేను ఆ వీడియోకు ఇంకో కాపీ తీయించి ఉండాలి. నాకు ఆ ఆలోచన వచ్చింది కూడా. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకున్నాను. సర్వర్లో ఉందిలే, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

తర్వాత బ్రౌజర్ అప్‌డేట్లు మొదలయ్యాయి. అంటే అంతకుముందు లేవని కాదు, ఆ ప్లేయర్ జోలికి రాలేదు. ఆ ప్లేయర్‌లో లొసుగులు ఉన్నాయని, దొంగలు దాని గుండా దూరుతున్నారని, దాన్ని మెల్లగా వదిలించుకుంటామని బ్రౌజర్లు తయారుచేసేవాళ్ళు ముందే చెప్పారు. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి చెప్పారు. నేను చదివాను. కొత్త సైట్లలో ఆ ప్లేయర్ వాడటం మానేశాను. పాత కస్టమర్లలో నలుగురికి మార్చి ఇచ్చాను. ధర్మవరం వాళ్ళది మాత్రం, ఒరిజినల్ వీడియోను సర్వర్ వాళ్ళను అడిగి తెప్పించుకోవాల్సిన పని, కాగితాల పని. అందుకని వాయిదా వేస్తూ పోయాను. నా బద్ధకానికి ఇంతకంటే మంచి సాకు దొరకలేదు.

ఒక అప్‌డేట్ తర్వాత అతను ఫోన్ చేశాడు. "పాపా, వీడియో పెట్టబోతే పర్మిషన్ అడుగుతాండాది."

"'అలౌ' అని ఉంటుంది చూడు, అది నొక్కన్నా."

ఇంకో అప్‌డేట్ తర్వాత, బ్రౌజర్ మూసినప్పుడల్లా ఆ పర్మిషన్ మరిచిపోయి మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. రోజూ అడిగించుకోవడం అతనికి నచ్చలేదు. "నా ఇంట్లో నా ఆడమనిషి మాట వినడానికి రోజూ పర్మిషనా?" అన్నాడు. కంప్యూటర్ ఆపడమే మానేశాడు. నేను తమాషాగా, "కరెంటు పోతే ఏం చేస్తావన్నా?" అన్నాను. అతను నవ్వలేదు. బ్యాటరీ పెట్టించుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం, నేను హిందూపురంలో ఒక స్కూలు వాళ్ళ సైటుకు సెలవుల జాబితా ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది.

"వీడియో కాడ బూడిద రంగు డబ్బా వచ్చినాది పాపా. ఇంగ ఏమీ అడగడం ల్యా. అడుగుతాదేమోనని చూస్తాండా. అడగడం ల్యా."

బ్రౌజర్ ఆ ప్లేయర్‌ను పూర్తిగా పీకేసింది. కంప్యూటర్ ఆపకుండా ఉంచినా, అది తనంతట తానే అప్‌డేట్ చేసుకుంది. కొన్నేళ్ళ కింద ఆ ఇంటికి పోయినప్పుడు 'దానంతట అదే అప్‌డేట్ అయ్యేటట్టు' పెట్టి వచ్చింది నేనే.

మర్నాడు పాత బ్రౌజర్ ఒకటి పెన్ డ్రైవ్‌లో వేసుకుని రైలెక్కాను. పెనుకొండ దాటాక కార్ల ఫ్యాక్టరీ, దాని వెనక వరసలు తీరిన కొత్త కార్లు. కిటికీ పక్కన కూర్చుని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. పాత బ్రౌజర్ వేస్తే ప్లేయర్ లేస్తుంది, లేవగానే నా ఫోన్‌తో తెర మీది వీడియోను తీసేస్తాను, అతనికి ఫోన్‌లోనే వేసి ఇస్తాను, అంతటితో పీడ వదులుతుంది. దారి పొడుగునా అదే అనుకున్నాను.

పాత బ్రౌజర్ వేశాను. ప్లేయర్ లేవలేదు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక తేదీ పెట్టి, ఆ తేదీ దాటితే పని చేయకుండా దానికే గడియ వేశారు. ఆ సంగతి నాకు తెలుసు. కంప్యూటర్లో తేదీని వెనక్కి తిప్పాను. ఒక ఏడాది వెనక్కి.

అతను నా భుజం మీదుగా చూస్తున్నాడు. "అట్ల వెనక్కి తిప్పొచ్చునా?" అన్నాడు. ఎట్లా అన్నాడో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "తిప్పొచ్చంటే ఇంకా వెనక్కి తిప్పు పాపా."

ప్లేయర్ లేచింది. నల్లటి డబ్బా, కింద త్రికోణం గుర్తు, అన్నీ వచ్చాయి. ఫోన్ తెర ముందు పట్టుకుని, ఇంకో చేత్తో నొక్కాను. మధ్యలో గుండ్రటి గీత తిరగడం మొదలుపెట్టింది. అతను లేచిపోయి ఫ్యాను ఆపి వచ్చాడు. ఎందుకంటే, గొంతు సరిగ్గా వినబడాలని.

గీత తిరుగుతూనే ఉంది. నెట్టు స్లోగా ఉందేమో అన్నాడు. ఏమో అన్నాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టింది. పది నిమిషాలయ్యాక నాకు అర్థమైంది. ప్లేయర్ వీడియో ముక్కలు పంపమని అడుగుతోంది, అటువైపు ఇచ్చేవాళ్ళు లేరు. అతనికి మాత్రం చెప్పలేకపోయాను. "వస్తాదిలే పాపా, పెద్ద వీడియో గదా" అని అతనే నాకు సర్దిచెప్పాడు.

హిందూపురం వచ్చి పాత మెయిల్ ఒకటి తెరిచాను. ఆ సర్వర్ కోసమని అప్పట్లో కొత్తగా సృష్టించి, తర్వాత తెరవడం మానేసిన మెయిల్. అందులో మూడు ఉత్తరాలు ఉన్నాయి. ఆ ప్లేయర్ కాలం అయిపోతోంది, పాత సర్వీసు మూసేస్తున్నాం, మీ ఫైళ్ళు దింపుకోండి అని మొదటిది. ఇంకా దింపుకోలేదు అని రెండోది. చెరిపేశాం అని మూడోది, బూడిద రంగు డబ్బా వచ్చిన రోజు తేదీతోనే. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఎనిమిది నెలలు ఉన్నాయి. ఆ ఎనిమిది నెలల్లో నేను ఎన్నిసార్లు సినిమాలకు పోయానో, ఎన్ని మధ్యాహ్నాలు బల్ల మీద తల పెట్టి నిద్రపోయానో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వాళ్ళకు రాశాను, బతిమాలాను. చెరిపినవి తిరిగి రావని ఒక్క లైను జవాబు వచ్చింది.

ఇంకా ఉన్న దారులన్నీ తొక్కాను. పాత సైట్లను దాచిపెట్టే చోట వెతికితే మా పేజీ దొరికింది. చిలకల అంచు గురించి నేను రాసిన నాలుగు లైన్లు, ఫోన్ నంబరు, మధ్యలో ఖాళీ డబ్బా. నా పాత కంప్యూటర్ ఎప్పుడో తుక్కు కింద పోయింది. అతని చిప్పు తెప్పించి, చెరిపిన ఫైళ్ళు బయటికి తీసే ప్రోగ్రాం నడిపాను. వందల చీరల ఫొటోలు వచ్చాయి, వాటి కింద ఇంకా పాత చీరల ఫొటోలు వచ్చాయి. అన్ని ఏళ్ళ చీరలు దాని మీద పడ్డాక వదిన ఎక్కడ మిగులుతుంది? ఒక ఫొటోలో మాత్రం కొంగు పట్టుకున్న రెండు వేళ్ళు అంచున కనబడ్డాయి. అవి ఆమెవే అనుకుంటాను.

పాత వార్పు జానెడు మిగుల్చుకోవడం ఆ ఇంట్లో కూర్చుని నా కళ్ళతో చూశాను, కెమెరాతో కూడా తీశాను. నా పనిలో ఆ జానెడు నేను మిగల్చలేదు.

చెప్పడానికి మళ్ళీ ధర్మవరం పోయాను. కంప్యూటర్ ముందు గదిలో అట్లాగే ఉంది. తేదీ అట్లాగే ఏడాది వెనక ఉంది. తెర మీద గీత తిరుగుతోంది. నేను వచ్చి పోయినప్పటినుంచి తొమ్మిది రోజులుగా అతను దాన్ని ఆపలేదు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఉత్తరాల సంగతి, నేను తెరవని సంగతి, అంతా. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

అతను చేతులు చూసుకుంటూ, "ఎవురూ కాపీ కొట్టలేదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఇన్నేండ్లు నెట్టులో ఉండె గదా పాపా. ఎవురో ఒకరు ఎత్తుకొనుంటారు. నువ్వు కుదరదంటివి గానీ, దొంగనాయాండ్లకు కుదరని పని ఉంటాదా? ఒక్కడన్నా ఎత్తుకొనుంటాడు."

చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికన్నా అంటే, "రా" అన్నాడు. నాలుగు వీధులు నడిచాం. మరమగ్గాల షెడ్డు ముందు అతను చెప్పులు విడిచాడు, గుడి ముందు విడిచినట్టు. లోపల చప్పుడు చెవులు పగిలేటట్టుంది. ఆ పాత స్నేహితుడు మమ్మల్ని చూసి, గొడవకు వచ్చామనుకుని మొహం మాడ్చుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో మగ్గాలన్నీ ఆపించాడు. ఆగిన మగ్గాల్లో ఒకదాని మీద చిలకల అంచు సగం దాకా వచ్చి ఉంది. నేను చూశాను. మా అన్న చూడనట్టే ఉన్నాడు.

"చిలకల అంచు నువ్వు ఎత్తుకున్న్యావు" అన్నాడు. "దానికి రాలేదు. అది నీకే ఉండనీ. నెట్టులో నా వీడియో ఉండె. అది గూడ ఎత్తుకున్న్యావా?"

"లేదన్నా. కదిరి నరసింహస్వామి మింద ఒట్టు."

"ఒట్టెయ్యొద్దప్పా. ఎత్తుకున్న్యానని చెప్పు. నేనేమీ అనను. పోలీసులు రారు, పంచాయితీ పెట్టను. ఎత్తుకున్న్యానని చెప్పు, చాలు."

ఆ మనిషి నా వైపు చూశాడు, ఇతనికి ఏమైందన్నట్టు. నేను రెండు మాటల్లో చెప్పాను, అందులో వదిన ఉంది, ఇంకెక్కడా లేదు అని. ఆయన తల మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, అంచుకు వీడియో ఎందుకు? అంగట్లో నీ చీర ఒకటి కొనుక్కొచ్చి, భూతద్దం పెట్టి చూసి అట్టలు కొట్టించినా. వీడియో నేను ఒక్కపారి గూడ చూడలేదు." తర్వాత మెల్లగా, "వదిన గొంతు నాకు బాగా గుర్తుండాదన్నా. నేను ఇంటికొస్తే, ఏమప్పా, ఈ పొద్దు ఏం ఎత్తుకపోను వస్తివి అని నగేది" అన్నాడు.

"గుర్తుండాదా నీకు?" అన్నాడు ఇతను. ముందుకు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నాకు పోయినాదప్పా. దినామూ విన్న్యా గదా, ఇంగ గుర్తు పెట్టుకొనేది ఎందుకులే అనుకుంటి. ఇప్పుడు మాటలు గుర్తుండాయి, గొంతు రావడం ల్యా. ఎట్ల ఉండేది? చెప్పు."

ఆయన నోరు తెరిచాడు. వదిన మాట ఆమె మాదిరి అనడానికి ప్రయత్నం చేశాడు. అది ఆయన గొంతే అయింది. మళ్ళీ ఒకసారి అనబోయి, ఆపేసి, తల దించుకున్నాడు.

"పన్లు ఆగిపోయినాయి. మగ్గాలు వేసుకోప్పా" అన్నాడు ఇతను. మేం బయటికి వచ్చి చెప్పులు వేసుకునేలోపే వెనక చప్పుడు మొదలైంది.

స్టేషను దాకా తోడు వచ్చాడు. నాకు ఏడుపు వస్తోంది, అతని ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించి ఆపుకున్నాను. రైలు వచ్చాక, కిటికీ ఊచ పట్టుకుని అడిగాడు.

"పాపా, ఆ పొద్దు చెరిపెయ్యమంటి గదా. నువ్వు నాకు తెలీకుండా ఒకటి పక్కన పెట్టుకోలేదా? ఉంటే చెప్పు. నేనేమీ అనుకోను."

"లేదన్నా" అన్నాను. "చెప్పినట్టే చేశాను."

అతను తల ఊపాడు. "మీరంతా ఇంత నిజాయితీగా ఉంటారని నేననుకోలేదు" అన్నాడు.